కింద షాపులు, పైన కాపురాలు: సివిల్ చదవాలా, ఆర్కిటెక్చరా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. షాపులు, ఆఫీసులు, ఇళ్లు అన్నీ కలిసుండే భవనాలు డిజైన్ చేస్తానంటోంది. సివిల్ ఇంజినీరింగ్‌లో చేర్పిస్తే సరిపోదా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: సరిపోదండీ. భవనం గట్టిగా నిలబడేలా చూసేది సివిల్ ఇంజినీరు. ఏ అంతస్తులో ఏముండాలి, ఎవరు ఎటు నుంచి రావాలి అనేది ఆర్కిటెక్ట్ పని. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరైన వాళ్లే ఆ పేరు పెట్టుకోవాలి. దానికి ఐదేళ్ల బీఆర్క్ (బ్యాచిలర్ ఆఫ్ ఆర్కిటెక్చర్) చదవాలి.

ఒక సాయంత్రం అమ్మాయిని హనుమకొండ చౌరస్తా వైపు తీసుకెళ్లండి. కింద షట్టర్లు, మధ్యలో క్లినిక్కో కోచింగ్ సెంటరో, ఆపైన కాపురాలు ఉన్న భవనం ఒకటి చూపించండి. కింద కొట్టు, పైన ఇల్లు మనకు కొత్త కాదు. చిక్కంతా అందరికీ ఒకటే మెట్ల దారి ఉండటంతోనే. కోచింగ్ వదిలే వేళకు పైనింటి పెద్దాయన కిందికి దిగలేడు. హోటల్ పొగ పడగ్గదిలోకి వస్తుంది. కింద మంటలు లేస్తే, తప్పించుకోవాల్సిన ఆ మెట్లే పొగగొట్టం అవుతాయి. సెల్లార్ పార్కింగ్ సంగతి సరేసరి, సగం చోట్ల గోదామే! 2020 ఆగస్టు వానలకు మన కాలనీలు మునగడం మీరు చూసే ఉంటారు, సెల్లార్‌లోకి నీళ్లు రాకుండా ర్యాంపు మొదట్లో ఎత్తు ఇవ్వాలన్నదీ ఈ చదువులో భాగమే. సరిగ్గా ఆలోచిస్తే లాభమూ ఉంది: పగలు ఆఫీసు బండ్లు, రాత్రి ఇళ్ల బండ్లు, రెంటికీ ఒకే పార్కింగ్ సరిపోతుంది. నాకు బాగా నచ్చేది ఈ లెక్కే.

ఇంటికొచ్చాక, ఆ భవనంలోకి ఎవరు ఎటు వెళ్తున్నారో కాగితం మీద గీయమనండి. అందులో మునిగిపోతే ధైర్యంగా చేర్పించండి. భవనం ముందు వైపు అందం మాత్రమే గీస్తే ఇంకొంచెం ఆగి మాట్లాడండి.

ఎప్‌సెట్ ర్యాంకుతో బీఆర్క్ సీటు రాదు. నాటా అనే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష గానీ, జేఈఈ మెయిన్‌లో బీఆర్క్ కోసం పెట్టే పేపర్ 2ఏ గానీ రాయాలి. అప్లికేషన్‌లో పేపర్ 2ఏ ఎంచుకోవడం చాలామంది మర్చిపోతారు, మీరే దగ్గరుండి చూడండి. అందులో డ్రాయింగ్ పరీక్ష కాగితం మీదే ఉంటుంది కాబట్టి చేతి సాధన ఇప్పుడే మొదలవ్వాలి. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) మనకు దగ్గర. ఎస్‌పీఏ సీటు మాత్రం జేఈఈ ర్యాంకుతోనే.

మొదట్లో జీతం తక్కువే, సాఫ్ట్‌వేర్‌లో చేరిన మేనమామ కొడుకుతో పోల్చకండి. ఈ రంగంలోనే లోతుకు వెళ్లాలంటే ఢిల్లీ, భోపాల్ ఎస్‌పీఏల్లో అర్బన్ డిజైన్ పీజీ ఉంది. అది బీఆర్క్ నాలుగో ఏడులో ఆలోచించుకుంటే చాలు.