నా మాట పూర్తయ్యేదాకా ఆగిన టీచర్

"ఎవరో చేసిన చిన్న మేలు మనిషి జీవితాన్ని నిజంగా మారుస్తుందా, లేక అవన్నీ చెప్పుకోడానికి బాగుండే కథలేనా?" అని అడిగారు.

మారుస్తుంది. నాకు ఇందులో అనుమానమే లేదు. కాకపోతే మేలు అనగానే డబ్బు సర్దడం, ఉద్యోగం ఇప్పించడం, ఆపదలో ఆదుకోవడం గురించే అందరూ మాట్లాడతారు. నాకు జరిగింది అలాంటిది కాదు. ఒకావిడ నా కోసం కాసేపు ఆగింది. అంతే.

నాకు నత్తి ఉంది. చిన్నప్పుడే కాదు, ఇప్పటికీ ఉంది. చెప్పాల్సిన మాట తెలుసు, దాని తర్వాతి మాట కూడా సిద్ధంగా ఉంటుంది. కానీ ‘ప’ దగ్గర పెదవులు మూసుకున్నాయంటే ఇక తెరుచుకోవు. చాలా మాటల్ని తప్పించుకోవచ్చు. ‘పని’ రాకపోతే ‘ఉద్యోగం’ అంటాం, ‘పొద్దున’ రాకపోతే ‘ఉదయం’ అంటాం. నత్తి ఉన్న ప్రతి మనిషి బుర్రలో ఇలాంటి బదులు మాటల సంచీ ఒకటి ఉంటుంది. సొంత పేరుకు మాత్రం బదులు లేదు. నా పేరు ‘ప’తోనే మొదలవుతుంది.

స్కూల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది పరీక్షలు కాదు, పాఠం పైకి చదవడం. ఒక్కొక్కరూ లేచి ఒక్కో పేరా చదవాలి. నా ముందు ఏడుగురు ఉన్నారంటే ఎనిమిదో పేరా నాది. వెంటనే అక్కడికి వెళ్ళి అందులో ఎన్ని ‘ప’లు ఉన్నాయో, ఎన్ని ‘క’లు ఉన్నాయో చూసుకునేవాణ్ణి. ఆ రోజు ఎవరైనా రాకపోతే లెక్క మారిపోయేది, మళ్ళీ కొత్త పేరా, మళ్ళీ వెతుకులాట. ముందు చదివిన ఏడుగురి మాటల్లో ఒక్కటీ నా చెవిన పడేది కాదు. అలా ఎన్ని పాఠాలు నా పక్కనుంచే వెళ్ళిపోయాయో.

మా క్లాస్ టీచర్ చెడ్డవారు కాదు. నేను ఆగిపోతే మూడు నాలుగు సెకన్లు చూసి, "సరే, కూర్చో నాన్నా" అని పక్కవాడికి చెప్పేవారు. కొన్నాళ్ళకి అసలు నన్ను లేపడమే మానేశారు. ఏడో వాడి తర్వాత తొమ్మిదో వాడు. మా ఇంట్లో అందరూ ఆవిడ ఎంత మంచిదో అనుకున్నారు. నాకూ మొదట్లో హాయిగానే ఉండేది. కానీ నేను లేకపోయినా ఆ పాఠం ఆగదని, నా గొంతు వినపడకపోతే ఎవరికీ ఏ లోటూ లేదని ఆ హాయిలోనే నేర్చుకున్నాను. పదకొండేళ్ళ పిల్లవాడు నేర్చుకోకూడని సంగతి అది. జాలిపడి వదిలేయడాన్ని దయ అనుకుంటారు చాలామంది. నేను ఒప్పుకోను. వదిలేయబడ్డవాడికి దాని బరువు తెలుస్తుంది.

ఆ టీచర్ రెండు వారాలు సెలవు పెట్టారు. ఆవిడ బదులు ఇంకొకావిడ వచ్చారు. నా సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఏడో వాడు కూర్చోగానే "తర్వాత" అన్నారు. క్లాసంతా నా వైపు తిరిగింది. లేచాను.

నా పేరాలో మొదటి మాట ‘ప్రయాణికులు’. ‘ప్ర’ దగ్గరే ఆగిపోయాను. నోరు పెగల్లేదు. ముఖం వేడెక్కింది, మెడ నరాలు బిగుసుకున్నాయి. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. "కూర్చో" అనే మాట కోసం ఎదురుచూస్తున్నాను. అది రాలేదు. ఆవిడ నవ్వినవాళ్ళని తిట్టలేదు కూడా. (తిడితే ఇంకా ఘోరం. తర్వాత మైదానంలో ఆ తిట్లన్నీ నాకే తిరిగొస్తాయి.) ఆవిడ నెమ్మదిగా నడిచి వచ్చి, నా బెంచీ చివర కూర్చుని, నా పుస్తకంలో ఆ మాట కింద వేలు పెట్టి, నాకు వినపడేంత గొంతుతో "ప్రయాణికులు" అని మొదలుపెట్టారు. నేనూ కలిశాను. మాట వచ్చేసింది. ఇద్దరం ఒకే వేగంతో రెండు వాక్యాలు చదివాం. మూడో వాక్యంలో ఆవిడ గొంతు తగ్గింది. నాలుగో దాంట్లో వేలు మాత్రమే కదులుతోంది, గొంతు నా ఒక్కడిదే. ఆ సంగతి నాకు ఒక లైను చదివాక గానీ తెలియలేదు.

తెలిసిన క్షణాన మళ్ళీ ఆగాను. ఈసారి ఆవిడ కలవలేదు. నా ముఖంలోకి చూడలేదు, గడియారం వైపూ చూడలేదు. పుస్తకంలో ఆ మాట మీదే చూపు పెట్టి, అది ఎలాగూ వస్తుంది కదా అన్నట్టు కూర్చున్నారు. ఎంతసేపో నాకు తెలియదు. వచ్చింది. పేరా పూర్తయింది.

"తర్వాతి పేరా" అన్నారు లేస్తూ.

చప్పట్లు కొట్టించలేదు. "వెరీగుడ్, ఎంత బాగా చదివాడో చూడండి" అనలేదు. ఆ రోజు చప్పట్లు కొట్టించి ఉంటే నేను మర్నాడు బడికి పోయేవాణ్ణి కాదు. మిగతా ఏడుగురికి కొట్టని చప్పట్లు నాకు కొడితే, నేను వాళ్ళలో ఒకణ్ణి కానని చెప్పినట్టే. సాయం చేస్తూ ఫొటోలు దిగేవాళ్ళు ఈ ఒక్క సంగతి ఆలోచిస్తే బాగుండు. ఎదుటివాడి అవసరం ఎంత పెద్దదో పదిమందికీ చూపించి చేసే సాయం, చేసిన చేత్తోనే కొంత వెనక్కి తీసుకుంటుంది.

రెండు వారాలు అలాగే గడిచాయి. కొన్ని రోజులు గొంతు కలిపారు, కొన్ని రోజులు ఊరికే ఆగారు. నత్తి తగ్గలేదు. ఆవిడ వెళ్ళిపోయారు, పాత టీచర్ వచ్చారు. మొదటి రోజే ఏడో వాడి తర్వాత తొమ్మిదో వాణ్ణి చూసి తలూపారు. నేను లేచి నిలబడ్డాను. "టీచర్, నా వంతు" అన్నాను. రెండు చోట్ల ఆగి అన్నాను గానీ, అన్నాను. నా జీవితం మారింది అంటే అక్కడ. అంతకుముందు నాకంటూ ఒక వంతు ఉందని నేనే మర్చిపోయాను.

గొంతు కలపగానే మాట ఎందుకు వచ్చిందో నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. ఇంకొకరితో కలిసి ఒకేసారి చదివితే నత్తి దాదాపు మాయమవుతుంది. పాడేటప్పుడూ అంతే. మాటల చికిత్స చేసేవాళ్ళకి ఇది ఎప్పటినుంచో తెలిసిన సంగతి. ఆ టీచర్ ఇది తెలిసి చేశారో, తోచి చేశారో చెప్పలేను. తోచి చేశారనే నా నమ్మకం. 2021లో అచ్చయిన ఒక పరిశోధన ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఎవరూ వినడం లేదని పూర్తిగా నమ్మినప్పుడు, తమలో తాము పైకి మాట్లాడుకునేటప్పుడు, నత్తి ఉన్న పెద్దవాళ్ళు దాదాపుగా తడబడరని అందులో తేలింది. నత్తి పుట్టేది మెదడు పనితీరులోంచి, కొంత వంశపారంపర్యంగా. అది వినేవాళ్ళ తప్పని నేననను. కానీ ఎదురుగా ఉన్న మనిషి ఎలా వింటున్నాడన్నది నా గొంతు మీద ఎంత బలంగా పనిచేస్తుందో నాకు ప్రతిరోజూ తెలుస్తూనే ఉంటుంది.

"నాలుక మందం" అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. దయచేసి అనకండి. ఆ నమ్మకం ఎంత దూరం పోయిందంటే, 1841లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే పేరున్న శస్త్రవైద్యుడు నత్తి పోతుందని మనుషుల నాలుక నుంచి కండ ముక్క కోసి తీసేశాడు. అప్పటికి మత్తుమందు కూడా వాడుకలోకి రాలేదు. తప్పు నాలుకలో ఉందనుకుంటే ఇలాగే కోస్తారు. పెద్దవాళ్ళలో నూటికి ఒకరికి నత్తి ఉంటుంది. అంటే మీకు తెలిసినవాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా ఉండే ఉంటారు. బహుశా ఆ మనిషిని మీరు మితభాషి అనుకుంటున్నారు.

ఇంగ్లండ్ రాజు ఆరో జార్జ్‌కి కూడా నత్తే. ఇంకా రాజు కాకముందు, 1926లో, మాటల చికిత్స చేసే లయొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియా మనిషి దగ్గరకు వెళ్ళాడు. లోగ్‌కు వైద్య డిగ్రీ లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దెబ్బతిని మాట పోయిన సైనికులతో పనిచేసిన అనుభవం ఉంది. 1939 సెప్టెంబర్ 3న యుద్ధం వచ్చిందని రాజు రేడియోలో చెప్పినప్పుడు కూడా లోగ్ ఆయన పక్కనే ఉన్నాడు. పదమూడేళ్ళ తర్వాత కూడా! అన్ని వ్యాయామాలూ నేర్చేసుకున్న మనిషికి ఇంకా పక్కన ఎవరో ఎందుకు కావాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఆ టీచర్ రాకపోయినా నువ్వు ఎలాగో బాగుపడేవాడివే" అని నాతో చాలామంది అన్నారు. కావచ్చు. తర్వాత గొప్ప శాస్త్రవేత్త అయిన మైకేల్ ఫారడే, అప్పట్లో పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పని నేర్చుకునే కుర్రాడు. 1812లో ఆ దుకాణానికి వచ్చే విలియం డాన్స్ అనే ఆయన, పేరున్న రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు అతనికి టికెట్లు ఇచ్చాడు. ఫారడే వెళ్ళాడు, విన్నదంతా రాసుకున్నాడు, ఆ కాగితాలు తనే బైండ్ చేసి డేవీకి పంపాడు. మర్నాటి ఏడాదికి ఆయన ప్రయోగశాలలో ఉద్యోగం. డాన్స్ టికెట్లు ఇవ్వకపోతే ఇంకో దారి దొరికేదా? దొరికేదేమో. కానీ లోపలికి వెళ్ళింది మాత్రం ఆ దారినే. ఏ తలుపు తీసుకుని లోపలికి వచ్చానో నాకు గుర్తుండగా, వేరే తలుపులు ఉండేవి కదా అంటే నేనేం చెప్పను?

ఇక నా గోడు. నేను ఆగిపోయినప్పుడు నా మాట మీరు పూర్తి చేయకండి. "కంగారు పడకు, నెమ్మదిగా చెప్పు" అనకండి. నేను కంగారుపడి ఆగలేదు, మీరు అలా అన్నాక కంగారు మొదలవుతుంది. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఈమధ్య వచ్చిన ఫోన్ మెషిన్లు. "మీ పేరు చెప్పండి" అంటుంది. నేను ‘ప’ దగ్గర ఉండగానే "మీరు చెప్పింది అర్థం కాలేదు" అని కట్ చేస్తుంది. మూడుసార్లు అలా అయ్యాక, నా పని నా పక్కవాళ్ళ చేత చెప్పించుకోవాల్సి వచ్చింది. వేలమందికి ఉపయోగపడే వస్తువు తయారు చేసేటప్పుడు అందులో పది సెకన్లు ఎక్కువ పెట్టడానికి ఏం అడ్డం?

ఎందుకు ఆగరో ఒక పాత ప్రయోగం చెబుతుంది. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు ప్రచురించారు. మతబోధకులు కావడానికి చదువుతున్న 40 మందిని ప్రసంగం ఇవ్వమని వేరే భవనానికి పంపారు. దారిలో ఒకతను కూలబడి దగ్గుతూ మూలుగుతూ ఉంటాడు. టైముందని చెప్పినవాళ్ళలో నూటికి 63 మంది ఏదో ఒక రకంగా సాయం చేశారు. ఆలస్యమైపోయిందని చెప్పినవాళ్ళలో నూటికి 10 మందే. వీళ్ళలో సగం మంది చెప్పబోయే ప్రసంగమే, దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మంచి మనిషి కథ గురించి! మనసు లేక కాదు, టైము లేక అన్నమాట. అందుకే ఆ టీచర్ గడియారం వైపు చూడలేదన్న సంగతి నాకు అన్నిటికంటే బాగా గుర్తుంది.

నా ఉద్యోగం ఇప్పుడు మాట్లాడటమే. కొత్తగా చేరినవాళ్ళకి శిక్షణ ఇస్తాను. క్లాసు మొదట్లోనే "నాకు నత్తి ఉంది, ఆగితే ఆగనివ్వండి" అని చెప్పేస్తాను. ఇంత తెలిసినవాణ్ణి, ఈమధ్య ఒక రోజు ఆలస్యంగా వచ్చాను. పరిచయాలు తొందరగా ముగించాలని టెన్షన్. ఒకాయన లేచి పేరు చెప్పి, ఏ విభాగమో చెప్పబోయి ‘ప్ర’ దగ్గర ఆగారు. నేను "ప్రచార విభాగమా?" అన్నాను. ఆయన తలూపారు. తర్వాత మనిషి లేచాడు.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఆయన ఆగి, కాగితం మీద రాసి చూపించారు. ఆయనది ప్రణాళిక విభాగం. రోజంతా వేరేవాళ్ళ గ్రూపులో కూర్చున్నారు. ఎందుకు తలూపారో అడగలేదు. నాకు తెలుసు. ఆ క్షణం అయిపోతే చాలని తప్పు మాటకు ఎన్నిసార్లు తలూపానో నేనూ లెక్కపెట్టలేను. కానీ ఆ మాట ఆయన నోట్లో పెట్టింది నేను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పరిచయాలు మళ్ళీ మొదటినుంచి చేయించాను. నిన్న నేను తొందరపడ్డానని అందరికీ చెప్పాను, ఆయన పేరు ఎత్తలేదు. ఆయన వంతు వచ్చేసరికి నా ముందున్న కాగితం మీద చూపు పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు పట్టింది. గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రణాళిక విభాగం అని ఆయనే చెప్పారు. చెప్పి కూర్చోలేదు. అక్కడ ఏం పని చేస్తారో కూడా, అడగకుండానే, ఇంకో నాలుగు మాటలు చెప్పారు.