కారు మార్చే ముందు అమ్మగారికి పాలసీ తీసుకోండి

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. ప్రైవేటు ఉద్యోగిని. నెలకు చేతికి 78,000 రూపాయలు వస్తాయి. అద్దె, పిల్లల ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు 48,000. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలవారీ పెట్టుబడి) 8,000, చీటీ 5,000 కడుతున్నాను. లక్ష రూపాయల ఆ చీటీ వచ్చే ఏడాది ముగుస్తుంది. బ్యాంకులో 90,000 ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన 3 లక్షల గ్రూపు ఆరోగ్య బీమా పాలసీలోనే నేను, భార్య, ఇద్దరు పిల్లలు, షుగరు ఉన్న 66 ఏళ్ల మా అమ్మ ఉన్నాం. తిరుమల, అరకు, హంపి వంటి చోట్లకు పెట్రోలు కారులో వెళ్తుంటాం. ఈ ప్రయాణాలకు ఏటా లక్షన్నర అవుతోంది. ఆఫీసుకు బైకు మీదే వెళ్తాను కనుక కారు ఏడాదికి 6,000 కిలోమీటర్లకు మించి తిరగదు. పర్యావరణానికి హాని తగ్గించాలని ఎలక్ట్రిక్ కారు కొని, పాతది తమ్ముడికి ఇద్దామనుకుంటున్నాం. 12 లక్షల వాహన రుణం (9.5 శాతం, ఏడేళ్లు), డౌన్ పేమెంట్‌కు 3 లక్షల పర్సనల్ లోన్ (14 శాతం, మూడేళ్లు) ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. మీ ఉద్దేశం మంచిదే అయినా, మంచి ఉద్దేశం అనగానే అప్పును లెక్క చూడకుండా ఒప్పేసుకునే ధోరణి ఈ మధ్య చాలా కుటుంబాల్లో కనిపిస్తోంది కనుక మీ లెక్కను కాస్త వివరంగానే చూద్దాం.

రెండు రుణాల వాయిదాలు కలిపి మొదటి మూడేళ్లు నెలకు దాదాపు 29,850 రూపాయలు. ఇంటి ఖర్చు పోగా మీకు మిగిలేది 30,000. అంటే సిప్ ఆపి, చీటీ పాటలు ఎలా ఉన్నా సరే దాన్ని కూడా మధ్యలో వదిలేసి, నెలాఖరుకు నూటయాభై రూపాయలు చేతిలో పెట్టుకుని కూర్చోవాలి. ఏ ప్రయాణాల కోసం ఆ కారు కొంటున్నారో వాటికే డబ్బు ఉండదు.

ఇక ఆదా సంగతి. లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున మీ 6,000 కిలోమీటర్లకు 400 లీటర్లు పడుతుంది. లీటరు 110 రూపాయలు వేసుకున్నా ఏటా 44,000, ఏడేళ్లకు 3 లక్షల పైచిలుకు. రెండు రుణాల మీద మీరు కట్టే వడ్డీ ఒక్కటే 5 లక్షలు దాటుతుంది. ఛార్జింగ్ పూర్తిగా ఉచితమనుకున్నా ఈ లెక్క కుదరదు. పైగా పాత కారు తమ్ముడి చేతిలో తిరుగుతూనే ఉంటుంది, కొత్త కారు బ్యాటరీ తయారీలోనూ కాలుష్యం ఉంది, మన విద్యుత్తులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. రోజూ యాభై, అరవై కిలోమీటర్లు తిరిగేవారికి ఎలక్ట్రిక్ కారు అర్థవంతం కావచ్చు; సెలవుల్లో మాత్రమే బయటికి తీసే కారుకు కాదు. వడ్డీపై పన్ను మినహాయింపు వస్తుందని షోరూములో ఎవరైనా చెబితే నమ్మకండి. ఆదాయపు పన్ను చట్టం 80ఈఈబీ సెక్షన్ కింద ఆ సౌకర్యం 2023 మార్చి 31 లోపు మంజూరైన రుణాలకే పరిమితం.

కాలుష్యం తగ్గించే మార్గం మీ ఊరి స్టేషన్‌లోనే ఉంది. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. తిరుపతికి రానుపోను వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది కనుక ఆ ఒక్క యాత్రలోనే మీ కారు ఒకటిన్నర క్వింటాలు వదులుతోంది. రాత్రి రైలెక్కితే హోటల్ గది అద్దె కూడా ఒక రోజుది మిగులుతుంది. కొండ మీదకు ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి. అరకుకైతే ముందు రోజు రాత్రికి విశాఖ చేరుకుని, ఉదయం ఏడు లోపే కదిలే కిరండూల్ ప్యాసింజర్‌లో అద్దాల బోగీ టికెట్ తీసుకోండి; బొర్రా దాకా వరుసగా వచ్చే సొరంగాలు మీ పిల్లలకు కారు కిటికీలోంచి కనిపించేవి కావు. హంపికి విజయవాడ మీదుగా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ హోసపేటలో ఆగుతుంది, అక్కడి నుంచి పదమూడు కిలోమీటర్లే; హంపిలో సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి తేదీలు అప్పుడే ఖాయం చేసుకోండి. తత్కాల్‌లో ఎక్కువ చెల్లించడమే కాక, ఖరారైన టికెట్ రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు. వారాంతపు చిన్న ప్రయాణాలు రెండు మూడు కలిపి ఒకే పెద్ద ప్రయాణంగా మార్చుకోవడం వల్ల కూడా ఇంధనం, ఖర్చు రెండూ తగ్గుతాయి. దేశంలో తిరగడానికి విమానం తప్పనిసరైతేనే.

ఇలా మారితే మీ లక్షన్నర బడ్జెట్ 80,000 లోపు తేవడం కష్టం కాదు. మిగిలిన 70,000 ఎక్కడికి వెళ్లాలన్నదే నా అసలు ఆందోళన. అయిదుగురికి 3 లక్షల గ్రూపు కవరేజీ, అది కూడా ఉద్యోగం ఉన్నంత వరకే! రైలు టికెట్‌తో 45 పైసలకు వచ్చే ప్రమాద బీమాకు తప్పకుండా టిక్కు పెట్టండి, కానీ అది ఆరోగ్య బీమాకు బదులు కాదు. అమ్మగారికి విడిగా ఒక పాలసీ, మీ నలుగురికి ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే బీమా మొత్తం ఉండే పాలసీ) వెంటనే తీసుకోండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. షుగరు వంటి పాత జబ్బులకు నిరీక్షణ కాలం, అంటే వాటికి క్లెయిమ్ రాని కాలం, గరిష్ఠంగా మూడేళ్లు ఉండవచ్చు. ఆ మూడేళ్లు మీరు పాలసీ తీసుకున్న రోజు నుంచే మొదలవుతాయి తప్ప, ఆలోచిస్తున్న రోజుల నుంచి కాదు.

తర్వాత అత్యవసర నిధి. ఆరు నెలల ఖర్చు అంటే మీకు 2,88,000 కావాలి, ఉన్నది 90,000. చీటీ డబ్బు రాగానే కారు వైపు చూడకుండా మొత్తం ఇందులో వేయండి. ప్రీమియాలు పోగా ప్రయాణాల్లో ఆదా అయినదీ, ఇప్పుడు నెలకు మిగులుతున్న 4,500 రూపాయలూ కలిపితే మిగతాది ఏడాదిన్నరలో పూర్తవుతుంది. సిప్ ఆపవద్దు. ఈలోగా టూర్ల కోసం యాప్‌లు ఇచ్చే తక్షణ రుణాల జోలికి, ‘ఇప్పుడు వెళ్లండి, తర్వాత కట్టండి’ పథకాల జోలికి వెళ్లకండి. దర్శనం చేసుకుని వచ్చాక ఆరు నెలలు వాయిదాలు కట్టే పరిస్థితి మీకెందుకు? ఎలక్ట్రిక్ కారు గురించి, ఇప్పటి కారును నిజంగా మార్చాల్సిన రోజు వచ్చినప్పుడు, డౌన్ పేమెంట్ సొంత పొదుపు నుంచి కట్టగలిగితే ఆలోచించండి.

పాలసీ దరఖాస్తులో అమ్మగారి షుగరు ఎన్నేళ్లుగా ఉందో, ఏ మందులు వాడుతున్నారో దాచకుండా రాయండి. ప్రీమియం పెరుగుతుందని ఏజెంటు వద్దన్నా వినకండి. దాచిన జబ్బు బయటపడితే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంటుంది. దసరా టికెట్ల బుకింగ్ కన్నా ముందు ఆ దరఖాస్తు పంపించండి.