దోశపిండి పులవని చలికాలంలో మన మసాలా డబ్బాతో వాఫిల్స్

చదువుకోడానికి ఆగస్టులో అమెరికాలో దిగిన పిల్లలు డిసెంబర్ రాగానే అడిగేది ఒకటే, అక్కా పిండి పులవడంలేదు పొద్దున్నే ఏం తినాలి అని. మన నెల్లూరు, ఒంగోలు సైడు చలికాలం అంటే వాయుగుండం పట్టి రెండ్రోజులు ముసురు, అంతే కదా, ఈడ మిషిగన్‌లో బయట మంచు, ఇంట్లో హీటర్ ఉన్నా పిండి కదలదు. ఓవెన్‌లో లైటు వేసి లోపల పెడితే పులుస్తుంది గానీ దానికి ముందురోజే రుబ్బుకోవాలి, పరీక్షల టైములో అది అయ్యే పనేనా? అందుకే వాఫిల్స్ (గళ్ళ ప్లేట్ల మధ్య పిండి పోసి కాల్చే మందపాటి అట్లు) నేర్చుకోండి అబ్బయా.

వాఫిల్ మిషన్ మాత్రం ఇండియా నుంచి మోసుకురావద్దు. ఇక్కడ కరెంటు 120 వోల్టులు, మనది 230, దాని హీటర్ ఇక్కడ దాదాపు పావు వంతే కాలుతుంది. థ్రిఫ్ట్ స్టోర్లో (వాడిన సామాన్లు అమ్మే షాపు) పాతవి చవగ్గా దొరుకుతాయి, ప్లేట్ల మీద కోటింగ్ లేచిపోయిందేమో చూసి తీసుకోండి.

రెండు కప్పుల మైదా (ఇక్కడ ఆల్ పర్పస్ ఫ్లోర్ అంటారు), రెండు టీస్పూన్లు బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ వంట సోడా, అర టీస్పూన్ ఉప్పు, రెండు పెద్ద స్పూన్లు బెల్లం తురుము. ఇంక మసాలా: దాల్చినచెక్క పొడి రెండు టీస్పూన్లు, శొంఠి పొడి ఒకటి, యాలకుల పొడి అర, లవంగం పొడి పావు, జాజికాయ చిటికెడు, మిరియాలు చిటికెడు. ఇక్కడ సీసాల్లో అమ్మే పంప్‌కిన్ స్పైస్ కూడా దాదాపు ఇదే, కాకపోతే అమ్మ పంపిన దాల్చినచెక్క, లవంగాలు అప్పటికప్పుడు వేయించి దంచితే ఆ వాసన వేరు, అపార్ట్‌మెంట్ అంతా నిండిపోతుంది, తలుపు తీసినోళ్ళు ఏం చేస్తున్నావని అడగాల్సిందే.

ఇంకో గిన్నెలో రెండు గుడ్లు, కప్పూ ముప్పావు మజ్జిగ, మూడోవంతు కప్పు కరిగిన వెన్న. షాపులో బటర్‌మిల్క్ అని ఉండేది మన పల్చటి మజ్జిగ కాదు, చిక్కగా పుల్లగా ఉంటుంది, అది లేకపోతే పెరుగులో కాసిని నీళ్ళు కలపండి చాలు, ఆ పులుపు ఉంటేనే సోడా పొంగుతుంది. రెండూ కలిపాక ఎక్కువ తిప్పొద్దు, ఉండలు కొన్ని ఉన్నా పర్లేదు, బాగా గిలక్కొడితే వాఫిల్ సాగుతుంది.

ప్లేటు బాగా కాలాక నూనె బ్రష్‌తో రాయండి, స్ప్రే డబ్బాలు వద్దు, దాని జిడ్డు పేరుకుపోయి కోటింగ్ పాడవుతుంది. పిండి పోసి మూతేశాక పక్కల నుంచి ఆవిరి వస్తూ ఉంటుంది, అది బాగా తగ్గిందాకా మూత ఎత్తొద్దు, ముందే ఎత్తారా రెండు ముక్కలై పైనొకటి కిందొకటి అతుక్కుంటాయి. తీసింది ప్లేట్లో ఒకదానిమీదొకటి పేర్చకుండా జాలీ స్టాండు మీద పెడితే కరకరలాడతాయి.

పైన పోసుకోడానికి ప్యూర్ మేపుల్ సిరప్ (మేపుల్ చెట్టు నీళ్ళు కాచిన పాకం) అని రాసుంటేనే కొనండి, పాన్‌కేక్ సిరప్ అనేది ఎక్కువగా కార్న్ సిరప్. నాకైతే శొంఠి వేసిన బెల్లం పాకమే ఇష్టం. తీపి వద్దనుకునేవాళ్ళు బెల్లం, దాల్చినచెక్క, లవంగం, యాలకులు, జాజికాయ మానేసి జీలకర్ర, మిరియాలు ఎక్కువేసి, మన కారం దోశకి రాసే ఎర్రకారం వెన్నతో పూసుకోండి, చలికి అద్భుతంగా ఉంటుంది.

ఆదివారం ఎక్కువ చేసి, పూర్తిగా ఆరాక జిప్ కవర్లో ఫ్రీజర్లో పెట్టేయండి, పొద్దున్నే బస్సు టైముకి టోస్టర్లో వేస్తే మళ్ళీ కరకరలాడతాయి, మైక్రోవేవ్‌లో పెడితే మాత్రం మెత్తబడిపోతాయి.