ఇన్సూరెన్స్ ఉందా అని అడిగాకే రేటు చెబుతారెందుకు?

ప్రశ్న: కిందటి నెలలో మా అత్తగారికి శుక్లాల ఆపరేషన్ చేయించడానికి ఇక్కడికి దగ్గరలోని ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకువెళ్లాము. ఎంతవుతుందని అడిగితే కౌంటరులోని అమ్మాయి తల ఎత్తకుండానే, "ఇన్సూరెన్స్ ఇరుక్కా?" అంది. ఉందన్నాక కంటికి 62 వేలని చెప్పారు. మా పక్కింటివారు బీమా లేదని చెప్పి అక్కడే 38 వేలకు చేయించుకున్నారట. ప్రభుత్వం తప్పుకొని వైద్యాన్ని పూర్తిగా మార్కెట్‌కు వదిలేస్తే ఈ రేట్లు వాటంతటవే దిగివస్తాయని మా అబ్బాయి వాదిస్తున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: మీ అబ్బాయి మాటలో బలం లేకపోలేదు గానీ, మీరు ఆ కౌంటరు దగ్గర చూసినదాన్ని మార్కెట్ అనడానికి మార్కెట్‌వాదులే ఒప్పుకోరు. వైద్యం చేయించుకునేది ఒకరు, ఏం చేయాలో నిర్ణయించేది మరొకరు, డబ్బు కట్టేది ఇంకొకరు అయినప్పుడు బేరమాడే అవసరం ఎవరికీ ఉండదన్నది వారి మూలవాదన. అమెరికా వైద్యఖర్చుల మీద 2001లో రాసిన వ్యాసంలో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ప్రధానంగా తప్పుపట్టింది దీన్నే. బీమా పెద్ద ఖర్చులకే ఉండాలనీ, మామూలు వైద్యానికి రోగి తన జేబులోంచి కట్టుకోవాలనీ ఆయన వాదించారు.

దీన్ని పరీక్షించి కూడా చూశారు. 1970లలో రాండ్ అనే పరిశోధన సంస్థ అమెరికాలో వేలమందిని వేర్వేరు బీమా పద్ధతుల్లో ఉంచి కొన్నేళ్లపాటు గమనించగా, ఖర్చులో కొంత తామే భరించినవారు వైద్యాన్ని బాగా తక్కువగా వాడుకున్నారు, అయినా సగటున వారి ఆరోగ్యం పెద్దగా దెబ్బతినలేదు. మీ అబ్బాయి ఇక్కడితో చదవడం ఆపితే మాత్రం పొరపాటే: పేదవారిలో రక్తపోటు ఉన్నవారికి ఉచిత వైద్యమే మేలు చేసిందని తేల్చింది కూడా ఆ పరిశీలనే.

జబ్బు ఎప్పుడు వస్తుందో రోగికి తెలియదనీ, వచ్చాక ఏ వైద్యం అవసరమో అతనికన్నా డాక్టరుకే బాగా తెలుసుననీ కెన్నెత్ ఆరో అనే ఆర్థికవేత్త 1963లోనే చెప్పారు. అర్ధరాత్రి గుండెనొప్పితో ఆంబులెన్సులో పడుకున్న మనిషి ఆస్పత్రుల రేట్లు పోల్చి చూడలేడు. శుక్లాల సంగతి వేరు. తేదీ మన చేతిలో ఉంటుంది, నాలుగుచోట్ల విచారించే వ్యవధీ ఉంటుంది, కాబట్టి పోటీ పనిచేయగల వైద్యం ఇదే. 1976లో మదురైలో 11 పడకలతో మొదలైన అరవింద్ కంటి ఆస్పత్రి, రోజూ చేసే ఆపరేషన్ల సంఖ్యను పెంచి ఒక్కోదానికయ్యే ఖర్చును తగ్గించుకుంది. 1992లో దానికి అనుబంధంగా ఏర్పడిన ఆరోల్యాబ్, కంట్లో అమర్చే దిగుమతి లెన్సుల ధరలో చిన్న వంతుకే లెన్సులు తయారుచేసింది. (ఇది లాభాపేక్ష లేని ట్రస్టు, పేదలకు ఉచితంగానూ చేస్తుంది, మార్కెట్‌వాదులు దీన్ని పూర్తిగా తమ ఖాతాలో రాసుకోలేరు.)

ధర మీద ప్రభుత్వం పరిమితి పెడితే సరిపోతుంది కదా అంటారేమో. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకు (మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టాలకు) అలాగే పెట్టారు: మామూలు రకానికి 7,260 రూపాయలు, మందుపూత ఉన్నదానికి 29,600. స్టెంటు ధర దిగడం నిజం. అయితే బిల్లులో స్టెంటుది ఒక వరుస మాత్రమే. థియేటరు చార్జీలు, చేతితొడుగులు, డాక్టరు ఫీజు అన్నవి ఆ పరిమితి కిందికి రావు. ఒకచోట నొక్కితే మరోచోట ఉబ్బుతుందన్న మార్కెట్‌వాదుల హెచ్చరికను తేలిగ్గా కొట్టిపారేయలేము.

నాకు వీటన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ మన చెన్నైలోనే ఉంది. 1994లో ఏర్పడిన తమిళనాడు వైద్యసేవల కార్పొరేషన్ ప్రభుత్వాస్పత్రులన్నిటికీ కావలసిన మందులను కంపెనీ పేర్లతో కాక మందు పేరుతోనే టెండరు పిలిచి ఒక్కచోట కొంటుంది. కొనేది ప్రభుత్వం, ధర దించేది కంపెనీల మధ్య పోటీ. మార్కెట్టా, ప్రభుత్వమా అన్న మీ ఇంటి వాదనలో ఇది ఎవరి పక్షమో మీరే చూడండి.

రెండో కంటికి వెళ్లేముందు లెన్సు రకం, కంపెనీ, ధర ఎస్టిమేట్‌లో విడివిడిగా రాసి ఇమ్మనండి. డిశ్చార్జి కాగితం మీద అతికించే లెన్సు స్టిక్కరుతో దాన్ని సరిచూసుకోండి. చాలా పాలసీల్లో శుక్లాలకు కంటికింతని పరిమితి ఉంటుంది, దానికి మించినది మీరే కట్టాలి. మించకపోయినా ఆ 24 వేల తేడా మీ పాలసీ మొత్తంలోంచే పోతుంది.

ప్రశ్న: ఆరోగ్య బీమా మీద జీఎస్టీ ఎత్తేశారు కదా, మా ఆఫీసు పాలసీ కూడా చవకవుతుందా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు, చెన్నై

జవాబు: కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం పన్ను తొలగినది వ్యక్తిగత పాలసీలకూ, కుటుంబమంతటికీ కలిపి తీసుకునే ఫ్యామిలీ ఫ్లోటర్లకూ మాత్రమే. ఉద్యోగులకు కంపెనీ తీసుకునే గ్రూపు పాలసీలపై పన్ను కొనసాగుతోంది.