కోటల గురించి మాట్లాడబోయే అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

పద్మనాభం యుద్ధం మీద నువ్వు పంపిన స్క్రిప్టు, ఆడియో ఫైలు అందాయి. గొంతు బాగుంది, ఉచ్చారణ శుభ్రంగా ఉంది. మూడో నిమిషం దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. ఉత్తరాంధ్రలోని విజయనగరం రాజు చిన విజయరామరాజు పద్మనాభం కొండ కింద కత్తి దూసి "ప్రాణం పోయినా ఈ నేల వదలను" అని గర్జించినట్టు ఒక డబ్బింగ్ ఆర్టిస్టు చేత చెప్పించావు. వెనకాల కత్తుల చప్పుడు, గుర్రాల సకిలింపు. ఆ మాట ఆయన అన్నాడని నీకు ఎవరు చెప్పారు?

ఈ ఉత్తరంలో నేను అడిగేదల్లా ఆ ఒక్కటే.

రాజు గర్జించాడు సరే, ఆ యుద్ధం ఎందుకు జరిగిందో నీ స్క్రిప్టులో ఒక్క వాక్యం కూడా లేదు. డబ్బు దగ్గర మొదలైంది. పేష్కషు, అంటే ఏటా కట్టాల్సిన కప్పం, దాని బకాయిలు కట్టమనీ, సైన్యాన్ని తగ్గించుకోమనీ ఈస్టిండియా కంపెనీ వాళ్లు మెడ మీద కూర్చున్నారు. 1793లో విజయనగరం కోటను పట్టుకున్నారు. రాజును మచిలీపట్నం వెళ్లి తామిచ్చే భత్యంతో బతకమన్నారు. ఆయన బయల్దేరి పద్మనాభం దగ్గర ఆగిపోయాడు. 1794 జులై 10న కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలతో వచ్చి పడ్డాడు. పోరు గంట కూడా సాగలేదు. రాజు పోయాడు, ఆయన వెంట ఉన్న ముఖ్యులు ఎంతోమంది పోయారు. అంతకుముందు ఏళ్ల తరబడి దివాణాన్ని తన గుప్పిట్లో పెట్టుకుని నడిపిన అన్న సీతారామరాజు పేరు నీ దగ్గర ఎక్కడా వినపడలేదు. బకాయి, భత్యం, అన్నదమ్ముల మధ్య పేచీ. ఇవి వింటే శ్రోతకు ఆ పొద్దున ఏమైందో అర్థమవుతుంది. గుర్రం సకిలిస్తే ఏం అర్థమవుతుంది?

ఇంకో సంగతి. చివర్లో "రాజభరణాల రద్దుతో విజయనగరం వైభవం ముగిసింది" అన్నావు. విజయనగరం జమీందారీ, అంటే ప్రభుత్వానికి శిస్తు కట్టే ఎస్టేటు. మద్రాసు ప్రభుత్వం 1948లో తెచ్చిన ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. రాజభరణాలు తమ రాజ్యాలను భారతదేశంలో కలిపిన సంస్థానాధీశులకు ప్రభుత్వం ఏటా ఇచ్చిన భత్యాలు. మన ప్రాంతంలో నిజాముకు వచ్చింది, బనగానపల్లె నవాబుకు వచ్చింది. వాటిని రద్దు చేసింది 1971లో, 26వ రాజ్యాంగ సవరణతో. రాజులందరినీ ఒకే గాటన కట్టేస్తే ఇలాగే అవుతుంది. ఈ రంగంలో ఉండాలనుకునే మనిషికి జమీందారుకూ సంస్థానాధీశుడికీ తేడా నిద్రలో లేపి అడిగినా తెలియాలి.

ఇక నన్ను కదిలించిన చోటు. పదకొండో నిమిషంలో కొండ కింద మేకలు మేపుకునే ఒక ముసలావిడ మాట్లాడింది. "నాకేటి తెలుస్తాదమ్మా. మా అత్త సెప్పేది, దుక్కి దున్నితే ఇనప గుండ్లు దొరికీవంట." అంతే. నువ్వు దాని మీద వెంటనే వీణ ఎక్కించి, మళ్లీ నీ గొంతుతో "వీరుల రక్తంతో తడిసిన నేల" అని అందుకున్నావు. నేను అక్కడ ఆపి, ఆవిడ మాట వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను.

ఆవిడ ఏం చేసిందో గమనించావా? తనకు తెలియదని ముందే చెప్పింది. తెలిసినంత మేరకు ఎవరి నోట విన్నదో చెప్పింది. గుండ్లు తను చూశానని అనలేదు. చరిత్ర ప్రసారం చేసేవాళ్లు నేర్చుకోవాల్సిన పద్ధతి మొత్తం ఆ రెండు ముక్కల్లో ఉంది. నీ పద్నాలుగు నిమిషాల స్క్రిప్టులో "ఫలానా శాసనం చెబుతోంది", "కంపెనీ కాగితాల్లో ఇలా ఉంది", "ఊళ్లో ఇలా అనుకుంటారు" అనే మాట ఒక్కటి లేదు. అన్నీ నువ్వు అక్కడ నిలబడి చూసినట్టే చెప్పావు.

పుస్తకం చదివేవాడు అనుమానం వస్తే పేజీ తిప్పి కింద చూసుకుంటాడు. రేడియో వినేవాడికి, ఫోనులో వీడియో చూసేవాడికి ఆ వీలు లేదు. వాడికి ఉన్నది నీ గొంతు ఒక్కటే. అందుకే ఎవరు చెప్పారన్నది ఆ గొంతుతోనే చెప్పాలి. ఎడిటర్లు దీన్ని ఒప్పుకోరు. "అంత వివరం పెడితే స్పీడు తగ్గుతుంది" అంటారు. నా జీవితంలో ఎక్కువ భాగం ఆ మాటతో తగాదా పడటానికే సరిపోయింది. తగ్గనీ. కోట మెట్లు ఎక్కేటప్పుడు ఎవరైనా పరిగెడతారా?

ఒక ఉదాహరణ చెబుతాను. రుద్రమదేవి ఎప్పుడు పోయిందో మనకు ఎలా తెలుసు? ఏ ఆస్థాన కవీ చెప్పలేదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే ఒక బంటు 1289 నవంబరులో వేయించిన శాసనం ఉంది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లారని, వాళ్లకు పుణ్యం కలగాలని దేవుడికి భూమి ఇచ్చాడు. శాసనం అంతవరకే చెబుతుంది. ఎలా పోయారన్నది అందులో లేదు. సేనానితో కలిపి చెప్పారు కాబట్టి, ఆ కాలంలో తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో వైరం నడుస్తోంది కాబట్టి, యుద్ధంలోనే పోయి ఉంటారని చరిత్రకారులు అనుకుంటున్నారు. ఇప్పుడు దీన్ని మైకులో ఎలా చెబుతావు? మూడు వాక్యాలుగా చెప్పు. శాసనం ఏమంటోంది, చరిత్రకారులు ఏమనుకుంటున్నారు, ఎందుకు అలా అనుకుంటున్నారు. "అంబదేవుడి కత్తికి ఎనభై ఏళ్ల రాణి నేలకొరిగింది" అని మొదలుపెట్టే కార్యక్రమాలు నేను చాలా విన్నాను. ఆ కత్తిని ఎవరూ చూడలేదు. వాటిలో పువ్వుల ముమ్మడి పేరు ఉండదు. అంత పెద్ద రాణి చనిపోయిన ఏడాదిని మనదాకా మోసుకొచ్చిన మనిషి పేరు చెప్పకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

నాటకం వద్దని నేను అనడం లేదు. అసలు మాటలు దొరికిన చోట నిక్షేపంగా వాడుకో. 1948 సెప్టెంబరులో, భారత సైన్యం హైదరాబాదులోకి వచ్చాక, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ తనే రేడియోలో మాట్లాడాడు. ఆ ప్రసంగ పాఠం అచ్చులో ఉంది. మంచి గొంతున్న మనిషి చేత చదివించు, కింద ఏ సంగీతమూ వేయకు. నిన్నటిదాకా ఫర్మానాలు జారీ చేసిన రాజు మైకు ముందు కూర్చుని జనానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడమే పెద్ద నాటకం. మనం కల్పించాల్సింది అక్కడ ఏమీ లేదు.

బొబ్బిలి గురించి అందరికీ తెలుసు, పద్మనాభం గురించి ఎందుకు తెలియదు అని అడిగావు. మంచి ప్రశ్న. 1757 జనవరిలో బొబ్బిలి పడిపోయాక ఆ కథను జంగాలు ఎత్తుకున్నారు, బుర్రకథలవాళ్లు అందుకున్నారు, ఊరూరా పాడారు. తాండ్ర పాపారాయుడు ఊరి పిల్లలకు కూడా తెలిసింది అలాగే. పద్మనాభానికి అంతమంది పాటగాళ్లు దొరకలేదు. ఇప్పుడు నువ్వు ఆ పాటగాళ్ల చోట్లో నిలబడ్డావు. కాకపోతే జంగం కథ చెబుతున్నానని తంబురా పట్టుకుని మరీ చెబుతాడు, వినేవాడికి అది కథ అని తెలుసు. నువ్వు "చరిత్ర" అని బోర్డు పెట్టి చెబుతున్నావు. ఆ బోర్డు పెట్టినందుకు బాధ్యత పడుతుంది.

బీబీసీ రిచర్డ్ డింబుల్బీ లాగా అవ్వాలని ఉందని రాశావు. 1953 జూన్ 2న రెండో ఎలిజబెత్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ అబ్బీ నుంచి వ్యాఖ్యానం చెప్పిన మనిషి. రాజవంశాల గురించి మాట్లాడే ప్రతివాళ్లూ ఆయన పేరు చెబుతారు. అదే మనిషి 1945 ఏప్రిల్లో బెల్సెన్ నాజీ శిబిరంలోకి వెళ్లి, తను చూసిన శవాల గురించి, బతికి ఉన్నవాళ్ల గురించి చెప్పాడని నీకు తెలుసా? ఆ రిపోర్టు చూసి ఆఫీసువాళ్లు నమ్మలేక ఆపేశారు. ప్రసారం చేయకపోతే ఇక మీకు పని చేయనని ఆయన పట్టుబట్టాడు. పట్టాభిషేకం రోజు ఆ గొంతును జనం ఎందుకు నమ్మారో నాకు అక్కడే తెలుస్తుంది. చూసింది చూసినట్టు చెప్పే అలవాటు ఆయనకు కిరీటాల దగ్గర రాలేదు.

నా కథ కూడా కొంచెం చెప్పనీ. రేడియోలో క్యాజువల్ అనౌన్సరుగా ఉన్న రోజుల్లో ఒక సంస్థానం మీద రూపకం చేయమన్నారు. వారసులు హాల్లో కూర్చోబెట్టి పులి తోళ్లు, వైస్రాయితో దిగిన ఫొటోలు చూపించారు. వెట్టి గురించి అడగ్గానే రికార్డరు ఆపమన్నారు. బయటకొచ్చి వెనక వీధిలో తిరుగుతుంటే మావటి మనవడు దొరికాడు. ఏనుగుకు పూటకు ఎంత మేత కొలిచేవాళ్లో, ఆ కొలతలో తమ ఇంటికి ఏం మిగిలేదో, పెద్ద రాజుగారు పోయాక ఏనుగులను అమ్మేస్తే వాళ్ల నాయన ఎన్నాళ్లు అన్నం ముట్టలేదో చెప్పాడు. నేను ఆ మనిషి గొంతుతోనే రూపకం మొదలుపెట్టాను. పైఅధికారి విని, "పెద్దింటివాళ్లు నొచ్చుకుంటారు, మొదటి సగం తీసెయ్" అన్నాడు. వేట, దర్బారు, దసరా ఊరేగింపు మిగిలాయి. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ మెప్పు ఇప్పటికీ మింగుడుపడదు.

తర్వాత టీవీలు వచ్చాయి. ఒక చానెల్ వాళ్లు పిలిచి గోల్కొండ మీద సిరీస్ చేద్దామన్నారు. సంతోషపడ్డాను. మొదటి మీటింగులోనే చార్మినారుకు సొరంగం, నేలమాళిగలో నిధి, నర్తకి శాపం అని జాబితా చదివారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో వేల మంది కొట్టుకుపోయారు కదా, దాని తర్వాతే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టించారు కదా, నిజాముల కాలం గురించి అంతకన్నా పెద్ద కథ ఏముంది, ఇప్పటికీ ఆ గోడల వెనక నీళ్లున్నాయి కదా అన్నాను. "చెరువు మీద థంబ్‌నెయిల్ ఏం పెడతాం సార్" అన్నారు. లేచి వచ్చేశాను. ఇంట్లో ఆ నెల చాలా టెన్షన్ పడ్డాం, కానీ సొరంగం కథ నా గొంతుతో వెళ్లలేదు. నువ్వు కూడా కాదనాల్సిన రోజు వస్తుంది. అప్పటికి చేతిలో ఇంకో పని ఉండేలా చూసుకో. పాఠాలు చెప్పు, డబ్బింగ్ చెప్పు, అనువాదాలు చెయ్యి. బ్రిటన్‌లో రాజకుటుంబం ఉంది కాబట్టి దాని వెంట తిరిగే విలేకరికి జీతం ఉంది. ఇక్కడ ఆ ఉద్యోగం లేదు. వారసత్వ సంపద అనే మాట యునెస్కో రామప్పను గుర్తించినప్పుడు, అంటే 2021లో, కొన్ని వారాలు మోగింది, తర్వాత మళ్లీ సద్దుమణిగింది.

చదువు విషయానికి వస్తే, ఉర్దూ నేర్చుకో. వీలైతే పర్షియన్ చదవగలిగినవాళ్లతో స్నేహం చెయ్యి. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, అక్కడి కాగితాల్లో ఎక్కువ భాగం ఆ భాషల్లోనే ఉన్నాయి. కోస్తా, సీమ ఊళ్ల కోసం కైఫియత్తులు, అంటే ఊళ్ల స్థానిక చరిత్ర రాసిన కాగితాలు, చదువు. కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ పేరు మీద చెలామణీ అవుతున్నాయి గానీ, ఊళ్లు తిరిగి కరణాలను అడిగి పోగు చేసిన వాళ్లలో మన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అన్నదమ్ములు ముఖ్యులు. కార్యక్రమంలో కైఫియత్తు వాడితే వాళ్ల పేర్లు కూడా చెప్పు.

పద్మనాభం స్క్రిప్టు మళ్లీ రాసి పంపు. గర్జన తీసెయ్, బకాయిల సంగతి పెట్టు, ఆ ముసలావిడ మాట అయ్యాక నాలుగు క్షణాలు ఏమీ మాట్లాడకు, వీణ అసలే వద్దు.

చివరగా, నువ్వు అడగకపోయినా ఒకటి చెబుతాను. ఆ రోజుల్లో స్పూలు టేపులు చాలక, ప్రసారం అయిపోయినవాటి మీదే మళ్లీ రికార్డు చేసేవాళ్లు. మావటి మనవడి గొంతు అలాగే చెరిగిపోయింది. నీకు ఆ ఇబ్బంది లేదు. ఎడిటింగుకు ముందున్న రికార్డింగు మొత్తం రెండు చోట్ల దాచు. మొదట్లోనే తేదీ, ఊరు, మాట్లాడే మనిషి పేరు, వాళ్ల ఇంటివాళ్లు ఏ పని చేసేవాళ్లో మైకులో చెప్పించు. చానెల్‌తో ఒప్పందం రాసుకునేటప్పుడు ఆ ముడి రికార్డింగు కాపీ నీ దగ్గర ఉంటుందని ఒక లైను వేయించుకుని, అప్పుడు సంతకం పెట్టు. వాళ్లు ఇచ్చిన కాగితం ముందు నాకు పంపినా సరే, చదివి చెబుతాను.

ఆశీస్సులతో,
నీ ఉత్తరం చదివిన పెద్దాయన