కరోనా టీనేజీ పిల్లల మనసుల్ని నిజంగా దెబ్బతీసిందా? మా ఇంటర్ పిల్లల్ని చూసి చెబుతున్నా

"కరోనా వల్ల టీనేజీ పిల్లలకు నిజంగా మానసిక సమస్యలు వచ్చాయా, లేక ఫోన్లకు అలవాటుపడి అలా అయ్యారా?" అని అడిగారు. నేను తెలంగాణలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. సమస్యలు వచ్చాయి. తప్పు ఫోన్ మీదకి నెట్టేస్తే పెద్దవాళ్లకు పని తేలిక, అంతే.

2021 సెప్టెంబరులో కాలేజీ తెరిచాక సెకండియర్ క్లాసుకు వెళ్లాను. మామూలుగా సెకండియర్ అంటే గోల. నేను అడుగుపెట్టినా వెనక బెంచీలు ఆగవు. ఆ రోజు అటెండెన్స్ తీసుకుంటుంటే ఫ్యాన్ చప్పుడు వినిపించింది. దూరం దూరం కూర్చోమన్నది మేమే, సరే. లంచ్‌లో కూడా ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు.

ఒకబ్బాయి గోడవైపు తిరిగి తింటున్నాడు, మాస్కు తీయకుండా. ఎడమచేత్తో దాని అంచు కొద్దిగా పైకెత్తడం, ముద్ద లోపల పెట్టుకోవడం, వెంటనే దించేయడం. అంచంతా పప్పు మరకలే. "కరోనా అంటే భయమారా?" అన్నాను. కాదని తలూపాడు. బతిమాలితే చివరికి చెప్పాడు: "టెన్త్‌ల ఇట్ల లేకుండె సార్. మొటిమలొచ్చినయ్. వీళ్లెవరూ నా ముఖం చూడలే. చూస్తే నవ్వుతరు." నిజమే, అంతకుముందు ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొన్నాళ్లు వచ్చారు గానీ అప్పుడూ మాస్కులే.

ఆ వయసులో ముఖం మారుతుంది, గొంతు మారుతుంది. తోటివాళ్లకూ అదే సమయంలో మారుతుంది కాబట్టి ఒకరినొకరు ఏడిపించుకుంటూ దాటేస్తారు. వీళ్లు మాత్రం ఇంట్లో అద్దం ముందు ఒక్కళ్లే దాటాల్సి వచ్చింది. దీన్ని డిప్రెషన్ అంటారో ఇంకేమంటారో నాకు అనవసరం. ముఖం దాచుకుని అన్నం తినే పిల్లాడు బాగున్నాడంటే నేను ఒప్పుకోను.

ఇక ఫోన్ సంగతి. 2020 సెప్టెంబరు 1 నుంచి టీవీ చానళ్లైన దూరదర్శన్ యాదగిరి, టీశాట్‌లలో పాఠాలు మొదలుపెట్టి పిల్లల్ని స్క్రీన్ ముందు కూర్చోబెట్టింది మనమే. డౌట్లు, హోంవర్కులు అన్నీ వాట్సాప్‌లోనే. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న పనికి పట్టుకుపోతే, ఆయన వచ్చాక అక్కాతమ్ముళ్లు వంతులేసుకుని అర్ధరాత్రి దాకా చూసేవాళ్లు. మళ్లీ మనమే "రాత్రంతా ఫోనేనా?" అని తిట్టాం.  

నన్నడిగితే లాక్‌డౌన్ కంటే పరీక్షలే ఎక్కువ దెబ్బకొట్టాయి. ఈ బ్యాచ్ సంగతే చూడండి. 2020 మార్చిలో టెన్త్ పరీక్షలు మూడు పేపర్లయ్యాక ఆగిపోయాయి. జూన్‌లో రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. ఫస్టియర్ పరీక్షలు పెట్టకుండానే సెకండియర్‌కు పంపారు. హమ్మయ్య అనుకునేలోపు 2021 అక్టోబరులో కూర్చోబెట్టి అవే ఫస్టియర్ పరీక్షలు రాయించారు. డిసెంబరులో ఫలితాలొస్తే పాసైంది 49 శాతం. కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. గొడవలయ్యాయి. వారం దాటగానే అప్పటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి, ఫెయిలైన అందరికీ కనీస మార్కులు వేసి పాస్ చేస్తున్నామని ప్రకటించారు. పాస్ చేయడం మంచిదే, నేను కాదనను. కానీ పాస్, ప్రమోట్, ఫెయిల్, మళ్లీ పాస్ అంటే ఏ పిల్లాడికైనా తన మీద తనకు నమ్మకం ఎక్కడ మిగులుతుంది?

దానికి తోడు ప్రతి పెళ్లిలోనూ ఒక బాబాయి తయారు. "ఓహో, కరోనా బ్యాచా? పరీక్ష రాయకుండా పాసైనోళ్లు!" అని నలుగురిలో నవ్వుతాడు. మా క్లాసులో ఒకమ్మాయి మొదటే మంచి మార్కులతో పాసైంది. అందరినీ పాస్ చేశాక స్టాఫ్ రూమ్‌కి వచ్చి ఏడ్చింది. "నేను నిజంగనే పాసైన సార్. ఎవ్వరు నమ్ముతలేరు."

ఈ బాబాయిలకు ఎవరు కౌన్సెలింగ్ ఇస్తారో గానీ, పిల్లలతో సహా అందరి కోసం 2022 అక్టోబరులో కేంద్రం టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ పెట్టింది. 14416కు ఏ వేళలో ఫోన్ చేసినా డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మా కాలేజీలో ఆ పోస్టరు స్టాఫ్ రూమ్ గోడకు అంటించారు. పిల్లలు అక్కడికి వచ్చేది చాలావరకు తిట్లు తినడానికే, తలెత్తి గోడ చూసేదెవరు? మంచినీళ్ల ట్యాంకు దగ్గరికి మార్చమని ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.