కుర్చీలో నువ్వే కూర్చో బిడ్డా

బిడ్డా,

సర్పంచ్‌గా ప్రమాణం చేసి నెల కాలేదు, అప్పుడే ఎమ్మెల్యే కావాలంటే ఏం చేయాలని అడిగావు. అడిగినందుకు నాకు సంతోషమే అయింది. మగపిల్లాడు అడిగితే దమ్మున్నోడు అంటారు, ఆడపిల్ల అడిగితే ఆశకు అంతుండాలి అంటారు. ఆ మాటలు చెవిన పెట్టకు. సర్పంచ్‌గా, తర్వాత మండల పరిషత్ అధ్యక్షురాలిగా (ఎంపీపీ) పనిచేసిన అనుభవంతో నీకు ముందుగా చెప్పేది ఒక్కటే. నీ సంతకం, నీ కుర్చీ, నీ ఫోన్ ఇంకొకరి చేతికి పోనివ్వకు. అల్లుడి చేతికి, అంటే నీ భర్త చేతికి కూడా.

అల్లుడు మంచోడే. మంచోడు కాబట్టే ఇప్పుడు చెప్తున్నా. 1995లో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు వచ్చిన కొత్తలో మండల మీటింగులకు భర్తలే వచ్చి ముందు వరుసలో కూర్చునేవాళ్లు. సర్పంచ్ పేరు పిలిస్తే వాళ్లే లేచి మాట్లాడేవాళ్లు. ఇప్పుడు సగం సీట్లు మనవి. అయినా నీ గెలుపు ఫ్లెక్సీలో అల్లుడి ఫొటో ఎంత పెద్దగా వేశారో చూశావా? వాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉండి కాదు, అలవాటు. రేపు లైన్‌మ్యాన్ నుంచి ఆఫీసర్ల దాకా "సార్‌కు చెప్పాం కదా మేడం" అంటారు. మొదటిసారి అన్నప్పుడే "నాకు చెప్పండి" అని మర్యాదగా చెప్పు. నాలుగు నెలలు ఊరుకున్నావంటే ఊరు అల్లుడినే సర్పంచ్ అనుకుంటుంది. ఐదేళ్ల తర్వాత పార్టీ వాళ్లు వచ్చి పని ఎవరు చేశారని అడిగితే జనం ఆయన పేరే చెప్తారు. అప్పుడు నీకు టికెట్ అడిగే దారే ఉండదు.

ఇక పుస్తకాల సంగతి. తీర్మానాల పుస్తకం కార్యదర్శి రాస్తాడు, నువ్వు సంతకం పెడతావు. చివరి తీర్మానానికీ నీ సంతకానికీ మధ్య ఖాళీ జాగా ఉంటే అడ్డంగా గీత కొట్టు, ఆ తర్వాతే సంతకం. నేను అలాగే చేసేదాన్ని, ఆ గీతలు చూసి నవ్విన వాళ్లూ ఉన్నారు. మీటింగులో చర్చకు రాని పని ఏదైనా కింద ఇరికించి రాసి ఉంటే, వార్డు మెంబర్లందరి ముందు గట్టిగా చదవమని అడుగు. చదివితే రాసినోడి మొహంలోనే తెలిసిపోతుంది. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి బీరువాలో పెట్టే పద్ధతి చాలా ఊళ్లలో ఉంది. అర్జెంటని, బ్యాంకు టైమైపోతుందని టెన్షన్ పెడతారు, నువ్వు మాత్రం ఒప్పుకోకు. డిజిటల్ సంతకం కీ, దాని పాస్‌వర్డ్ కూడా నీ దగ్గరే ఉండాలి.

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం వచ్చాక చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా కావాలి. మీ ఉపసర్పంచ్ అవతలి వర్గం మనిషని విన్నాను. సంతకం ఆపితే ముందు ఆగేది మల్టీపర్పస్ వర్కర్ల జీతాలు, ట్రాక్టర్ డీజిల్ డబ్బులు. వీధిలో చెత్త నిలిచిపోతే తిట్లు నీకే. అందుకని చెక్కు రాసే రోజు కాకుండా, పని అనుకున్న రోజే ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడు. ఆయన వార్డులో ఒక పని ముందు చేయించినా ఏం పోదు.

అన్నిటికంటే నాకు భయం అప్పుల గురించి. కిందటిసారి సర్పంచ్‌ల గతి నువ్వు చూశావు. వైకుంఠధామం (శ్మశానవాటిక), డంపింగ్ యార్డు, పల్లె ప్రకృతి వనం, ఒక్కోదానికీ గడువు పెట్టి పూర్తి చేయమంటే మిత్తికి తెచ్చి కట్టించారు. 2024 మొదట్లో పదవీకాలం అయిపోయింది, స్పెషల్ ఆఫీసర్లు వచ్చారు, బిల్లులు మాత్రం రాలేదు. హైదరాబాద్ దాకా పోయి ధర్నాలు చేశారు. ఊరి కోసం భార్య పుస్తెలు కుదువ పెట్టిన మనుషులు వాళ్లు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. కాబట్టి ఎస్టిమేట్, తీర్మానం, మంజూరు కాగితం ఈ మూడూ చేతిలో లేకుండా తట్టెడు మట్టి కూడా ఎత్తించకు. పని నడుస్తుండగానే ఇంజినీర్ (ఏఈ) వచ్చి కొలతలు తీసి కొలతల పుస్తకం ఎంబీలో రాసేలా వెంటపడు. ఎంత పెద్ద లీడర్ ఫోన్ చేసి "నువ్వు చేసేయమ్మా, నేను చూసుకుంటా" అన్నా మంజూరు కాగితం పంపమని అడుగు. నిధులెన్ని ఉన్నాయో కూడా తెలిసి ఉండాలి. కేంద్రం ఇచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంటు 2026 మార్చి దాకానే, అందులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టేశారు. మిగతా 40 శాతంలో సీసీ రోడ్డు అడిగేవాళ్లకు, లైట్లు అడిగేవాళ్లకు సర్దాలి, అందులోంచి జీతాలివ్వడానికి వీల్లేదు. గ్రామసభలో ఆ లెక్క బోర్డు మీద రాసి చూపిస్తే సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని చట్టం చెప్తోంది. కాగితం మీద పెట్టి సంతకాలు ఇంటింటికీ తిరిగి చేయించుకునే పని చేయకు, దొరికితే పదవికే ముప్పు.

పై మెట్ల సంగతికొస్తా. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తు ఉండదు, మండల పరిషత్ సభ్యులైన ఎంపీటీసీలకు, జిల్లా పరిషత్ సభ్యులైన జెడ్పీటీసీలకు ఉంటుంది. పార్టీ టికెట్ ఇచ్చినట్టు రాసిచ్చే బీ-ఫారం కోసం పార్టీ గడప ఎక్కాల్సింది అక్కడే. ఇంకో సంగతి చాలామంది గమనించరు. స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఎన్నికలో సర్పంచ్‌కు ఓటు లేదు. ఎంపీటీసీ, జెడ్పీటీసీ, మున్సిపల్ కౌన్సిలర్లకు ఉంది. అందుకే పెద్ద నాయకులు వాళ్లను పేరు పెట్టి పిలుస్తారు, సర్పంచ్‌ను ఓట్లప్పుడే గుర్తు చేసుకుంటారు. రేవంత్ రెడ్డి 2006లో మిడ్జిల్ జెడ్పీటీసీగా ఇండిపెండెంట్‌గా గెలిచి, మరుసటి ఏడాది స్థానిక సంస్థల కోటాలో ఎమ్మెల్సీ అయి, 2009లో కొడంగల్ ఎమ్మెల్యే అయ్యారు. వచ్చేసారి మన ఊరి సీటు రిజర్వేషన్ ఎటు మారుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి జెడ్పీటీసీ మీద ఇప్పటినుంచే కన్నేయి. మండలంలో మిగతా ఊళ్లకు పో. పెళ్లికి పోకున్నా ఫరవాలేదు, చావుకు మాత్రం పో.

ఎమ్మెల్యేకు 25 ఏళ్లు నిండాలి, ఆ అడ్డు నీకు లేదు. ఖర్చే అడ్డు. అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు, బయట జరిగేది నీకు తెలుసు. ఆ డబ్బు చూసి బెదిరిపోకు. గుమ్మడి నర్సయ్య ఇల్లెందు నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచింది డబ్బుతో కాదు. సీతక్క 2014లో ఓడిపోయారు, 2018లో మళ్లీ ములుగులో గెలిచారు. 2020 లాక్‌డౌన్‌లో బియ్యం, కూరగాయలు మోసుకుని అడవిలోని గూడేలకు నడిచిపోయారు. ఆమెను చూసినప్పుడల్లా మన పల్లెల్లో పుట్టిన ఆడపిల్లకు అసెంబ్లీ దూరం కాదనే నమ్మకం కలుగుతుంది నాకు. నీ మీదా అదే నమ్మకం.

ఈ వారం ఒక పని చూసుకో. ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా ఎన్నికల ఖర్చు లెక్క ఎంపీడీవో ఆఫీసులో ఇవ్వాలి. గెలిచాం కదా అని వదిలేసి అనర్హత తెచ్చుకున్న వాళ్లున్నారు, మూడేళ్లు మళ్లీ పోటీకి దిగలేరు. జీపులకు, కరపత్రాలకు, మైకుకు ఇచ్చిన బిల్లులన్నీ అల్లుడి దగ్గర ఉన్నాయంట కదా, తెప్పించుకుని నువ్వే కూర్చుని లెక్క కట్టు. ఆఫీసుకు నువ్వే పో, తేదీ వేసిన రసీదు తీసుకుని దాని జిరాక్స్ ఒకటి నాకు పంపు.

మీ మేనత్త